నాన్నతో చూసిన ‘1883’

“ఆపు, ఆపు ఒకసారి. ఆ బండికి కందెన పెట్టినట్టు లేదే. ఇరుసు అంత కీచుమంటుంటే గుర్రాలు ఎంత దూరమని లాగుతాయి?”

2022 నవంబరు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా ఇంటి హాల్లో, సోఫా చివర కూర్చుని నాన్న అన్న మాట అది. రిమోట్ నొక్కి ఆపాను. తెర మీద బండ్ల వరస నిలబడిపోయింది. నాన్న కళ్ళజోడు సర్దుకుంటూ లేచి, టీవీ దగ్గరికి వెళ్ళి, చక్రం మధ్యలో వేలు పెట్టి మరీ చూపించాడు. “ఇదిగో ఇక్కడ పెట్టాలి. ఆముదంలో మసి కలిపి మీ తాతయ్య పెట్టేవాడు.”

అమ్మానాన్నా మొదటిసారి అమెరికా వచ్చింది అప్పుడే, ఆరు నెలలకి. ఆ రోజుల్లో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఏనాడూ పగలంతా ఇంట్లో కూర్చుని ఎరగడు. పొలం లేదు, కాలవ గట్టు లేదు, టీ కొట్టు దగ్గర పేపరు లేదు. వారం తిరక్కుండానే “టికెట్టు ముందుకి జరపడం కుదురుతుందేమో అడుగు” అని అమ్మతో కబురు పెట్టాడు. నాకు టెన్షన్ మొదలైంది. ఎన్నేళ్ళు బతిమాలితే వచ్చారో నాకు తెలుసు.

ఆ రాత్రి ‘1883’ పెట్టుకున్నది నాన్న కోసం కాదు, నా కోసమే. ఆఫీసులో అందరి నోటా ‘యెల్లోస్టోన్’ అనే టీవీ సీరియల్ మాటే. మోంటానాలో డటన్ అనే కుటుంబం, వాళ్ళ పెద్ద పశువుల రాంచ్, దాన్ని నిలబెట్టుకోడానికి తరతరాలుగా వాళ్ళు పడే కొట్లాట, అదీ కథ. టేలర్ షెరిడన్ 2018లో మొదలుపెట్టాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, ఆ భూమికి వాళ్ళు ఎలా వచ్చారో చెప్పడానికి పది ఎపిసోడ్ల ‘1883’ తీశాడు. అది 2021 డిసెంబరులో వచ్చింది. మొదటి నుంచీ చూద్దాంలే అని అక్కణ్ణించే మొదలుపెట్టాను. నాన్న వచ్చి సోఫా చివర కూర్చున్నాడు. ఇంగ్లీషు రాదు. నేను ఒక్కో మాటా తెలుగులో చెబుతూ పోయాను. నాలుగైదు సీన్లయ్యాక చెప్పాల్సిన పని కూడా పెద్దగా లేకపోయింది. బండ్లూ, పశువులూ, నీళ్ళూ, జబ్బులూ, అన్నీ ఆయనకి తెలిసిన భాషే.

కథ టెక్సాస్‌లోనే మొదలవుతుంది. జేమ్స్ డటన్, భార్య మార్గరెట్, పద్దెనిమిదేళ్ళు కూడా నిండని కూతురు ఎల్సా, ఐదేళ్ళ కొడుకు జాన్. జేమ్స్, మార్గరెట్‌లుగా వేసిన టిమ్ మెక్‌గ్రా, ఫెయిత్ హిల్ బయట కూడా మొగుడూ పెళ్ళాలే, ఇద్దరూ పేరున్న గాయకులు. ఫోర్ట్ వర్త్‌లో వాళ్ళు ఓ బిడారుతో కలుస్తారు. యూరప్ నుంచి వచ్చిన వలసజనం, ఎక్కువమంది జర్మన్లు. వీళ్ళందరినీ ఓరెగాన్ చేర్చే పని షే బ్రెన్నన్ అనే ముసలాయనది. ఆ పాత్రలో శామ్ ఇలియట్ ముఖం చూసి తీరాలి. మశూచితో భార్యా బిడ్డా పోతే, వాళ్ళున్న ఇంటికి తనే నిప్పు పెట్టుకుని బయల్దేరిన మనిషి ఆయన. ఆ సీను వచ్చినప్పుడు అమ్మ వంటింట్లోంచి చేతిలో గరిటెతో వచ్చి అలాగే నిలబడిపోయింది. పోపు మాడిన వాసన వచ్చాక గానీ కదల్లేదు.

నది దాటే ఎపిసోడ్ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఆడుతుంది. బరువులుంటే బండి మునుగుతుంది, ఒడ్డునే వదిలెయ్యండి అంటాడు షే. అంత దూరం సముద్రం దాటించి తెచ్చుకున్న సామాను, పియానోతో సహా, గడ్డిలో వదిలేస్తారు. వాళ్ళలో చాలామందికి ఈత రాదు. నాన్న ఆ ఎపిసోడ్ అంతా ఒక్క మాట మాట్లాడలేదు. అయిపోయాక టీవీ కట్టేస్తుంటే అన్నాడు.

“ఆ చిన్నపిల్లాడు నేనేరా.”

మాది కర్ణాటకలో, గంగావతి వైపు ఓ క్యాంపు. తెలుగు రైతులున్న ఊళ్ళని అక్కడ క్యాంపులనే అంటారు. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయ్యాక ఎడమ కాలవ కింద నీళ్ళొస్తాయని తెలిసి, గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి జనం అక్కడికి వలస వెళ్ళారు. కోస్తాలో రెండెకరాల మాగాణి అమ్మితే అక్కడ పాతిక ఎకరాల రేగడి వచ్చే రోజులు. మా తాతయ్య 1958లో వెళ్ళాడు. నాన్నకి ఆరేళ్ళు. గుంటూరులో రైలెక్కి, గుంటకల్లు మీదుగా హోస్పేట దిగి, అక్కణ్ణించి బండ్ల మీద. ఇదంతా నాకు తెలిసిన సంగతే. పెళ్ళిళ్ళలో, కర్మంతరాల్లో పెద్దవాళ్ళు చెప్పుకునే కథ. కానీ ఎప్పుడు విన్నా అందులో ఎకరాలూ, బస్తాలూ, రేట్లే ఉండేవి. ఆ రాత్రి నాన్న చెప్పింది వేరు.

“నానమ్మ తిరగలి తెచ్చుకుంది. వాళ్ళమ్మ ఇచ్చింది. దారిలో వాగు దగ్గర బండి దిగబడిపోయింది. తాతయ్య తిరగలి తీసి ఒడ్డున పెట్టేశాడు. మళ్ళీ వచ్చి తీసుకెళ్దాంలే అన్నాడు. నానమ్మ బండిలో వెనక్కి తిరిగి కూర్చుని, కనపడినంతసేపూ దాన్నే చూస్తా ఉంది. నేను పక్కనే ఉన్నా. ఏడవలేదు. చూస్తా ఉంది అంతే.”

నానమ్మ పోయి అప్పటికి పదిహేనేళ్ళు. తిరగలి సంగతి నేను వినడం అదే మొదటిసారి.

టికెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు నాన్న. రోజూ రాత్రి ఏడున్నరకల్లా భోజనం ముగించి సోఫాలో తన చోట్లో కూర్చునేవాడు. నేను ఫోనులో మీటింగులో ఉంటే ఎదురుగా గోడ గడియారం కేసి చూసేవాడు.

ఒకరోజు నేను నెట్లో చదివిన విషయం చెప్పాను. నార్తర్న్ పసిఫిక్ రైలు మార్గం రెండు వైపుల నుంచీ వచ్చి మోంటానాలో కలిసింది సరిగ్గా 1883 సెప్టెంబరులోనే, మరి ఇంత కష్టపడి బండ్ల మీద పోవడమేంటని కొందరి అభ్యంతరం. నాన్న తల అడ్డంగా ఊపాడు. “రైలుంటే సరా? సామానుకీ, గొడ్లకీ, మనుషులకీ టికెట్లెవడు పెడతాడు? మన హోస్పేటకీ రైలుంది. గొడ్లని తోలుకుంటా నడిచొచ్చినవాళ్ళు ఎంతమంది లేరు!” చరిత్రకారులు ఏమంటారో గానీ నాకు ఆ జవాబు సరిపోయింది.

ఓ శనివారం అందరం ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి వెళ్ళాం. మా ఇంటికి ముప్పావుగంట. ‘1883’లో పాత ఫోర్ట్ వర్త్ చూపించడానికి అక్కడి వీధిలోనే మట్టి పోసి షూటింగ్ చేశారు. రోజూ పదకొండున్నరకీ, మళ్ళీ సాయంత్రం నాలుగింటికీ లాంగ్‌హార్న్ పశువుల్ని ఆ వీధిన తోలుకెళ్తారు. గుర్రాల మీద కౌబాయ్‌లు, రెండు వైపులా జనం. బారలు చాపినంత కొమ్ములు. నాన్న మా అమ్మాయిని ఎత్తుకుని తాడు దగ్గరిదాకా వెళ్ళాడు. “కొమ్ములు బాగున్నాయి. మూపురం ఏదీ?” అన్నాడు.

వచ్చేటప్పుడు ఊరి బయట రోడ్డు పక్క కంచెలో తెల్లటి పశువులు కనపడ్డాయి. మూపురం, వేలాడే గంగడోలు, నల్లటి ముట్టె. “ఆపరా కారు!” అన్న అరుపుకి నేను నిజంగానే భయపడి పక్కకి తీసి ఆపాను. “అవి మనవిరా! ఒంగోలువి!” తర్వాత చదివితే తెలిసింది, ఆయన మాటలో చాలావరకూ నిజముంది. అవి బ్రాహ్మన్ జాతి. మన ఒంగోలు పశువుల్ని ఇక్కడ నెల్లూరు జాతి అంటారు. వాటినీ, గుజరాత్ వైపు గిర్ లాంటి జాతుల్నీ కలిపి ఇక్కడి ఎండకీ, ఈగలకీ తట్టుకునేలా తయారు చేసుకున్నారు. వాళ్ళ పెంపకందార్ల సంఘం 1924లోనే టెక్సాస్‌లో పెట్టుకున్నారు. నాన్న కంచె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఒకటి దగ్గరికొచ్చి చెయ్యి నాకింది. ఆ రాత్రి క్యాంపులో ముగ్గురికి ఫోన్లు వెళ్ళాయి.

ఇక ఆఖరి ఎపిసోడ్. డిసెంబరు మొదటి వారం, బయట గాలి. ఎల్సాకి బాణం తగులుతుంది, గాయం విషమిస్తుంది. ఆ పిల్ల బతకదని తల్లికీ తండ్రికీ తెలిసిపోతుంది. ఎక్కడ పాతిపెడతామో అక్కడే ఉండిపోదాం, కూతుర్ని వదిలి ఇంక ఒక్క అడుగు ముందుకి వెయ్యనంటుంది మార్గరెట్. ఓరెగాన్ మాట అక్కడితో ముగిసిపోయింది. అప్పుడు క్రో అనే అమెరికా ఆదివాసీ తెగ పెద్దాయన స్పాటెడ్ ఈగిల్, గ్రహమ్ గ్రీన్ వేశాడు, ఓ లోయ ఉందని జేమ్స్‌కి దారి చెబుతాడు. కానీ ఒక మాట కూడా చెబుతాడు: ఏడు తరాల తర్వాత మా వాళ్ళు లేచి ఆ నేల మీ నుంచి వెనక్కి తీసుకుంటారు. ఏడు తరాలా, అప్పుడు తీసుకోండి అంటాడు జేమ్స్. చెట్టు కింద తండ్రి ఒళ్ళో ఎల్సా కన్ను మూస్తుంది. డటన్ల రాంచ్‌కి వేసిన మొదటి రాయి కూతురి సమాధి.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నాన్న చాలాసేపు కదల్లేదు.

“మన పొలంలో అజ్జ కట్ట ఉందిగా. అదేంటో నీకు తెలుసా?”

ఎందుకు తెలీదు! మా పొలం నడిమధ్య, తుమ్మచెట్టు పక్కన, మోకాలెత్తు మట్టి కట్ట. సెలవుల్లో దాని మీద కూర్చుని చెరుగ్గడలు తినేవాళ్ళం. సద్దిమూట దాని మీదే పెట్టేవాళ్ళం. ఏడాదికోసారి ఎళ్ళమావాస్యకి పక్కూరి కన్నడవాళ్ళు ఎవరో వచ్చి, దాని దగ్గర పూజ చేసి, పొలమంతా చరగ, అంటే నైవేద్యం, చల్లి, మా పిల్లలందరికీ సజ్జ రొట్టెలూ గుత్తి వంకాయ కూరా పెట్టేవాళ్ళు. కన్నడంలో అజ్జ అంటే తాత. ఏదో గ్రామదేవత అనుకునేవాణ్ణి. అంతకుమించి ఎప్పుడూ అడగలేదు.

నాన్న చెప్పాడు. ఆ పొలం తాతయ్యకి అమ్మిన రైతుని నాన్న అజ్జ అని పిలిచేవాడట. ఆయనకి జొన్న వెయ్యడం తెలుసు, వరి తెలీదు. కాలవ వచ్చినా మడులు చదును చెయ్యడానికి పెట్టుబడి లేదు. చుట్టూ అందరూ అమ్ముతున్నారు, ఆయనా అమ్మాడు. నాలుగైదేళ్ళకి ఆ డబ్బు అయిపోయింది. తర్వాత అదే పొలానికి నాట్లకీ కోతలకీ కూలికొచ్చాడు. మధ్యాహ్నం కూలివాళ్ళంతా బోదె గట్టు మీద అన్నం తింటే, ఆయనొక్కడూ తుమ్మచెట్టు కిందికి పోయి తినేవాడు.

“కొన్న మొదటేడు తాతయ్య చదును చేయిస్తున్నాడు. ఎద్దులు ఆ కట్ట దగ్గరికొచ్చేసరికి అజ్జ వచ్చి వాటి ముందు నిలబడ్డాడు. ఏమీ అనలేదు. తాతయ్యకి కన్నడం రాదు, ఆయనకి తెలుగు రాదు. కట్ట మీద చెయ్యి పెట్టి, అవ్వ అన్నాడు. అంటే అమ్మ. తాతయ్య ఎద్దుల్ని వెనక్కి తిప్పాడు. ఇప్పటిదాకా నాగలీ పోలేదు, ట్రాక్టరూ పోలేదు.”

నేనేదో అనబోయాను. నాన్న చెయ్యెత్తాడు.

“మనం డబ్బులిచ్చే కొన్నాంరా. లాక్కోలేదు. తాతయ్య మంచోడు. అయినా ఆ కట్ట కూడా పత్రంలో మన పేరు మీదే ఉంది.”

ఇక్కడ జరిగిందీ, మా క్యాంపులో జరిగిందీ ఒకటి కాదు. 1862 చట్టంతో ఐదేళ్ళు కాపురముండి సాగు చేస్తే చాలు, ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా పంచిపెట్టింది అమెరికా ప్రభుత్వం. ఆ నేల మీద అంతకుముందు బతికినవాళ్ళని సైన్యంతో తరిమి, గిరిగీసిన చోట్లకి నెట్టారు. ఆ పోలిక నేను చెయ్యను. కానీ మా క్యాంపు కథ చిన్నప్పటి నుంచీ ఎంతోమంది చెప్పగా విన్నాను. రాళ్ళు రప్పల్లో బంగారం పండించామనే చెప్పారు. అజ్జ గురించి చెప్పింది మా నాన్న ఒక్కడే. అదీ డెబ్భయ్యో ఏట, మోంటానాలో ఓ పిల్ల సమాధి చూశాక.

డిసెంబరు 18న ‘1883’కి తర్వాతి కథ ‘1923’ మొదలైంది. ఇక వారానికొక్క ఎపిసోడ్, ఆదివారం. జేమ్స్ పోయాక ఆయన అన్న జేకబ్ వచ్చి, మంచులో గడ్డకట్టి చనిపోయిన మార్గరెట్‌నీ, ఆకలితో మాడుతున్న ఇద్దరు మగపిల్లల్నీ చూసి, వాళ్ళని పెంచి రాంచ్‌ని నిలబెడతాడు. జేకబ్‌గా హారిసన్ ఫోర్డ్, భార్య కారాగా హెలెన్ మిరెన్. గడ్డి కోసం పశువులవాళ్ళకీ గొర్రెలవాళ్ళకీ మధ్య కొట్లాటలు చూసి, కరువేడు కాలవ నీళ్ళ దగ్గర గొడవలు అచ్చం ఇలాగే ఉంటాయన్నాడు నాన్న. టియోనా అనే తెగ పిల్లని మతం పేరుతో నడిపే బడిలో కొట్టి, భాష మాన్పించి, చిత్రహింస పెట్టే సీన్లు అమ్మ చూడలేకపోయింది. అవి కల్పించినవి కావు. అలాంటి బడులు నాలుగొందల పైచిలుకు నడిచాయని ఆ 2022లోనే అమెరికా ప్రభుత్వం తన నివేదికలో రాసింది.

నాన్న మనసంతా మాత్రం స్పెన్సర్ మీద. జేమ్స్ చిన్నకొడుకు, యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇంటికి పోకుండా ఆఫ్రికాలో చిరుతల్నీ సింహాల్నీ వేటాడుతూ తిరిగేవాడు. ఇల్లు చెయ్యి జారిపోతోంది రమ్మని కారా ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తుంది. అతను బయల్దేరతాడు. ఓడ మునుగుతుంది, ఇంకో ఓడ ఎక్కుతాడు, అక్కడ ఇంకో గొడవ. ప్రతి ఆదివారం నాన్న అదే అడిగేవాడు: “ఈ వారమన్నా ఇల్లు చేరతాడా?” ఫిబ్రవరి చివర మొదటి భాగం అయిపోయింది, స్పెన్సర్ దారిలోనే ఉన్నాడు. నాన్న నా మొహంలోకి చూశాడు. నాకు ఇండియా వెళ్ళి అప్పటికి ఐదేళ్ళు.

వాళ్ళు వెళ్ళే లోపు ‘యెల్లోస్టోన్’ కూడా పెట్టాను గానీ నాన్నకి ఎక్కలేదు. నాకూ అది అంత గొప్పగా అనిపించదు. ఎదురొచ్చినవాణ్ణల్లా చంపి లోయలో పడెయ్యడం, దానికి రైల్వే స్టేషన్ అని ముద్దుపేరు. కెవిన్ కాస్ట్నర్ గుర్రం మీద కూర్చుంటే చూడబుద్ధవుతుంది, నిజమే. జేమీ, బెత్ అనే అన్నాచెల్లెళ్ళ పగ మాత్రం కడుపులో తిప్పేలా రాశారు. నాన్న రెండు ఎపిసోడ్లు చూసి, “వీళ్ళకి భూమి మీద పేరు కావాలి. 1883 వాళ్ళకి భూమి కావాలి” అని లేచిపోయాడు.

2024 డిసెంబరు 15న ‘యెల్లోస్టోన్’ ఆఖరి ఎపిసోడ్ ఒక్కణ్ణే కూర్చుని చూశాను. సోఫా ఆ చివర ఖాళీ. తండ్రి పోయాక వారసత్వపు పన్ను కట్టే దారి లేక, చిన్నకొడుకు కేసీ రాంచ్ మొత్తాన్ని ఆ నేలకి అసలు హక్కుదార్లయిన తెగ పెద్ద రెయిన్‌వాటర్‌కి ఇచ్చేస్తాడు. ఎకరం ఒకటింపావు డాలరుకి! భార్యాబిడ్డలతో ఉండడానికి ఈస్ట్ క్యాంప్ అనే చిన్న ముక్క మాత్రం ఉంచుకుంటాడు. క్యాంప్ అన్న మాట వినపడగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఏడు తరాల మాట నెరవేరింది. తర్వాత తెగ కుర్రాళ్ళు కొందరు డటన్ల సమాధి రాళ్ళు పడగొడుతుంటారు. మో అనే ఆయన వచ్చి ఆపేస్తాడు. వాళ్ళ వాడే ఆపుతాడు.

అప్పటికి మాకు రాత్రి పది దాటింది, క్యాంపులో ఉదయం. ఫోన్ చేసి మొత్తం చెప్పాను. నాన్న పొలంలో ఉన్నాడు, వెనక ఇంజిను చప్పుడు. సమాధి రాళ్ళ సంగతి చెప్పేసరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను కట్టయిందనుకున్నాను.

“ఎళ్ళమావాస్య రెండు వారాలే ఉంది. అజ్జ మనవడు ఈసారి పిల్లల్ని కూడా తీసుకొస్తానన్నాడు. కట్టకి ఇటుకలు పేర్పించి సున్నం కొట్టించాలి” అన్నాడు.

30వ తేదీ వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. కోత కోసిన మడి. తుమ్మచెట్టు నీడ. తెల్లగా సున్నం కొట్టిన కట్ట, దాని మీద కాళ్ళు ఊపుకుంటూ ముగ్గురు పిల్లలు, ఒకడి చేతిలో సగం కొరికిన సజ్జ రొట్టె. ఓ మూల అమ్మ చీర కొంగు. కింద నాన్న వాయిస్ మెసేజ్.

“చూశావా, సున్నం బాగా పట్టింది. ఇంతకీ ఆ స్పెన్సరు ఇల్లు చేరాడా లేదా?”